రాతు సైరుసి గారి గురక

ఎవరైనా మాట్లాడటానికి లేచి నిలబడితే చాలు, రాతు సైరుసి గారికి నిద్ర ముంచుకొచ్చేది.

మంచమెక్కితే వచ్చేది కాదు. పడవెక్కితే వచ్చేది కాదు. చర్చిలో పాస్టరు గారు ఎంత సాగదీసినా వచ్చేది కాదు. ఎదురుగా ఒక మనిషి నిలబడి, గొంతు సవరించుకుని, గోడమీది తెర వెలిగించి, "ఈ రోజు నేను మాట్లాడబోయే విషయం..." అనాలి. ఆ విషయం ఏమిటో బయటపడేలోగానే రాతు గారి గడ్డం ఛాతీమీద వాలిపోయేది.

ఆ దీవుల దేశానికి రాజధాని అయిన సువాలో, సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ విశ్వవిద్యాలయంలో ఆయనొక విభాగానికి పెద్ద. మనుషులు ఎలా నేర్చుకుంటారు, కంప్యూటర్లూ ట్యాబ్‌లూ వాళ్ళకి ఏమాత్రం అక్కరకొస్తాయి అని పరిశోధించే పై చదువుల విభాగం అది. అందులో రాతు గారు జీవితమంతా తవ్విన అంశం "తరగతి గదిలో శ్రద్ధ". దానిమీద ఆయన రాసిన లావుపాటి పుస్తకం దీవుల్లోని టీచర్ల కాలేజీలన్నిట్లోనూ ఉంది. అందులో నిద్ర గురించి ఒక్క అధ్యాయమైనా లేకపోవడం పెద్ద లోటని విద్యార్థులు అనుకునేవారు.

మనిషి భారీ విగ్రహం. ఒకప్పుడు రగ్బీలో ముందు వరసలో తోసినవాడు. బూడిదరంగు సులు లుంగీలా చుట్టుకుని, తోలు చెప్పులు వేసుకుని, సెమినార్ గదిలో మొదటి కుర్చీలో కూర్చుని కాళ్ళు బారజాపేవారు. అంతే, గురక మొదలు. ముందు రేవా నదిలో ఎక్కడో దూరాన పడవ ఇంజను అందుకున్నట్టుండేది. పడవ దగ్గరకొచ్చేది. ఒడ్డు ఇసుకలో గరగరా ఒరుసుకునేది. మళ్ళీ నీళ్ళలోకి తోసుకుని వెళ్ళిపోయేది. కొత్తగా వచ్చినవాళ్ళు కిటికీలోంచి బయటికి తొంగిచూసేవారు.

టీ కప్పుల చప్పుడు వినబడగానే కళ్ళు తెరిచి, "వినాకా, వినాకా, చాలా బాగుంది" అని మెచ్చుకుని, ఒకే ఒక ప్రశ్న అడిగేవారు. ఆ ప్రశ్న మాత్రం తిన్నగా పోయి, చెప్పినదాంట్లో ఎక్కడ చిల్లుందో అక్కడే వేలు పెట్టేది.

"నిద్రపోతూ ఎలా విన్నారు రాతూ?" అని అడిగితే, "మేలుకుని ఉంటే కళ్ళకి కూడా పని చెప్పాలి కదా. నిద్రలో చెవులకి పోటీ ఉండదు" అనేవారు.

లంబాసా ఊరినుంచి వచ్చిన శాల్విన్ అనే విద్యార్థి దీన్ని శాస్త్రీయంగా తేల్చాలనుకున్నాడు. మనిషి చూపు ఏ క్షణాన దేనిమీద నిలిచిందో గీతలు గీసి చూపించే కళ్ళజోడు మీద అతని పరిశోధన. ఒక సెమినార్‌కి ముందు బతిమాలి దాన్ని రాతు గారికి తగిలించాడు. సెమినార్ అయ్యాక కంప్యూటర్ తెరిచి చూస్తే తెల్లటి కాగితంలా ఖాళీ.

"ఏమొచ్చిందిరా?" అన్నారు రాతు గారు.

"మీరు సెమినార్ మొత్తం మీ రెప్పల లోపలివైపు చూశారు రాతూ."

"బాగుంటుందిరా అక్కడ. ప్రశాంతంగా."

"మా ఊరి రామలీలలో కుంభకర్ణుడి వేషం వేసే తాత పోయిన ఏడు పోయాడు. మీరు ఒప్పుకుంటే..."

"భోజనం కూడా ఆయనకి పెట్టినంత పెడతారా?"

ఇలాంటి విభాగంలోకి వచ్చి పడింది లైసాని.

లైసాని కండావు దీవిలో పంతులమ్మ. నలభైకి దగ్గర పడింది. పిల్లల ముందు నిలబడితే గొంతు గంటలా మోగేది. పెద్దవాళ్ళ ముందు నిలబడితే ఆ గొంతు ఎక్కడికి పోయేదో ఆమెకే తెలిసేది కాదు. పెద్దలు చూస్తూండగా నోరు విప్పకూడదు, వాళ్ళకంటే ఎత్తులో ఉండకూడదు, ఎదుటినుంచి నడవాల్సి వస్తే నడుం వంచి "తులోవ్, తులోవ్" అని మన్నింపు కోరుతూ పోవాలి. ఊళ్ళో అందరూ అలాగే పెరిగారు, కాకపోతే లైసాని కాస్త ఎక్కువ పెరిగింది. గోడమీద బొమ్మ వేసే ప్రొజెక్టర్ ముందునుంచి వెళ్ళేటప్పుడు కూడా వంగి "తులోవ్" అనేది. దానివల్ల నీడ పడదు గనక అందరికీ మేలే జరిగేది.

పైగా రాతు అంటే దొర వంశం. అందులోనూ ఈ రాతు గారిది, లైసాని ఊరివాళ్ళు తరతరాలుగా తలవంచిన వంశం. మొదటిరోజు ఆయన గదిలోకి వెళ్ళి, కుర్చీ చూపిస్తే వినకుండా చాపమీద కూర్చుంది. ఆయన మొహమాటపడి తనూ లేచొచ్చి చాపమీద కూర్చున్నారు. ఆమె ఇంకాస్త వంగింది. ఆయన గోడకి చేరగిలబడి ఇంకాస్త జారారు. ఆమె నుదురు మోకాళ్ళకి ఆనింది.

"లైసాని, ఇంకా కిందికి పోవాలంటే కింది అంతస్తులో లైబ్రరీ వాళ్ళు ఒప్పుకోరు. ఇక్కడే మాట్లాడుకుందామా?" అన్నారు రాతు గారు, దాదాపు పడుకుని.

ఆమె రాసుకొచ్చిన కాగితం చేతికిచ్చింది. రాతు గారు చదివారు. చదివి, లేచి సరిగ్గా కూర్చుని, మళ్ళీ చదివారు.

సంగతేమిటంటే, ప్రభుత్వం కండావు బడుల్లో ట్యాబ్‌లు పంచింది. అందులో పాఠం వస్తుంది, పక్కన ఒక చెయ్యి బొమ్మ ఉంటుంది. సందేహమొస్తే పిల్లలు ఆ చెయ్యి నొక్కాలి. ఎవరూ నొక్కలేదు. పైన సువాలో కూర్చున్నవాళ్ళు లెక్కలు చూసి, 'ఈ దీవి పిల్లలకి చదువుమీద ఆసక్తి లేదు' అని తేల్చేశారు. లైసాని తన క్లాసులో మూల కెమెరా పెట్టి చూసింది. తను గదిలో ఉన్నంతసేపూ పిల్లలు బొమ్మల్లా కూర్చున్నారు. సుద్దముక్క కోసం తను బయటికి వెళ్ళడమే తరవాయి, గది గదంతా తేనెతుట్టె అయిపోయింది. ఒకడు ఇంకొకడి ట్యాబ్ లాక్కుని "అలా కాదు, ఇలా" అంటున్నాడు. ఒకమ్మాయి తనలాగే నడుంమీద చెయ్యి పెట్టుకుని పాఠం చెబుతోంది. టీచరు బయటికెళితే చదువు మొదలవుతోంది! అయితే ఆ ట్యాబ్‌లో టీచరు మొహం ఎప్పుడూ ఒక మూల పిల్లలకేసి చూస్తూనే ఉంటుంది. అది తీసేయించాలని లైసాని పట్టుదల.

"ఇది నువ్వు సెమినార్‌లో చెప్పాలి" అన్నారు రాతు గారు.

లైసాని మోకాళ్ళలోంచి "ఊఁ" అంది. ఆ "ఊఁ" అర్థం 'నావల్ల కాదు' అని ఇద్దరికీ తెలుసు.

చెప్పి తీరాలి మరి. సెమినార్‌లో కమిటీ ఒప్పుకుంటేనే పరిశోధన సాగేది. ఒప్పుకోకపోతే ఆమెకిచ్చిన చదువు సెలవు రద్దు, తిరుగు పడవెక్కి కండావుకి పోవడమే. పిల్లలకి ఆసక్తి లేదన్న ముద్ర వాళ్ళ నుదుటిమీద అలాగే ఉండిపోతుంది.

ఆ ఏడే బ్రిస్బేన్ నుంచి డాక్టర్ హెడ్లీ వచ్చారు. సన్నగా, నిటారుగా, ఇస్త్రీ చేసిన గీతలా ఉండే మనిషి. చెడ్డావిడ కాదు. విద్యార్థి మాట్లాడుతుంటే ప్రొఫెసర్ గురకపెట్టడం ఆమె ఎక్కడా చూడలేదు, అంతే. డీన్ దగ్గరికి వెళ్ళి చెప్పారు. డీన్ రాతు గారిని పిలిచి, "ఇకమీదట మెలకువగా ఉంటానని మాటివ్వండి" అన్నాడు. రాతు గారు మాటిచ్చారు.

మాటిచ్చాక వచ్చిన మొదటి సెమినార్ లైసానిదే.

"నీ అదృష్టం పండిందక్కా!" అని పరిగెత్తుకొచ్చాడు శాల్విన్. "పెద్దాయన కళ్ళు తెరిచి కూర్చున్నారు! ఈ విభాగం పుట్టాక ఎవరికీ దక్కని గౌరవం!"

లైసాని లోపలికి వెళ్ళింది. నిజమే. రాతు గారు రెండు కళ్ళూ తెరిచి, మంచి గురువులంతా చేసినట్టే ఆమెకేసి చూసి చిరునవ్వు నవ్వి, తల ఊపారు. మొదలుపెట్టమ్మా అన్నట్టు. ఎంత ఆప్యాయంగా చూశారంటే లైసాని నాలుక అంగిలికి అతుక్కుపోయింది. ఆయన ఇంకా ప్రోత్సాహంగా చూశారు. ఆమె ఇంకా వంగింది. చివరికి బల్ల వెనకనుంచి ఆమె కొప్పొక్కటే కనబడింది. ఆ కొప్పులోంచి, ధన్యవాదాలన్నట్టు, "వినాకా" అని సన్నగా ఒక మాట వచ్చింది. సెమినార్ అయిపోయింది.

డాక్టర్ హెడ్లీ కాగితాల మీద ఏదో రాసుకుని, మెత్తగానే అన్నారు: "ఇంకోసారి అవకాశం ఇద్దాం. కానీ అదే ఆఖరు."

బయట వాన. లైసాని మెట్లమీద కూర్చుంటే శాల్విన్ పొట్లం విప్పి రొట్టె సగం తుంచి ఇచ్చాడు.

"పిల్లలు ఎందుకు మాట్లాడరో అని పరిశోధన చేస్తున్నావు కదక్కా."

"ఆఁ."

"మరి ఎందుకు మాట్లాడరంటావు?"

"నోర్ముయ్యి" అంది లైసాని. ఆ రోజు ఆమె గట్టిగా పలికిన మాట అదొక్కటే.

రెండో సెమినార్ రోజు రానే వచ్చింది. ఈసారి డీన్ కూడా వచ్చి వెనక కూర్చున్నాడు, రాతు గారు మాట నిలబెట్టుకుంటారో లేదో చూడ్డానికి. లైసాని బల్ల దగ్గరికి చేరింది. రాతు గారు ఆమెకేసి చూశారు, వెనక్కి తిరిగి డీన్‌కేసి చూశారు, కాళ్ళు బారజాపారు. గడ్డం ఛాతీమీద వాలింది. రేవా నదిలో పడవ బయల్దేరింది.

డాక్టర్ హెడ్లీ మొహం ఎర్రబడింది. డీన్ కుర్చీ కిర్రుమంది.

లైసానికి మాత్రం, ఎందుకో, వెన్ను నిటారుగా అయింది. పోనీలే, పెద్దాయన పడుకున్నాడు, ఆయనముందు పెద్దగా మాట్లాడినట్టు కాదు అనుకుంది. "ఇది నా క్లాసు" అంది. గొంతు గంటలా మోగింది. వీడియో వేసింది. సుద్దముక్క కథ చెప్పింది. తేనెతుట్టె చూపించింది. నడుంమీద చెయ్యి పెట్టుకున్న అమ్మాయిని చూసి గది నవ్వితే తనూ నవ్వింది.

మధ్యలో డాక్టర్ హెడ్లీ సూటిగా అడిగారు: "అంటే, టీచర్లు గది వదిలి వెళ్ళిపోవాలంటారా మీరు?"

లైసాని తడబడింది. మోకాళ్ళు వంగడం మొదలుపెట్టాయి. అందరి కళ్ళూ ఆమెమీదే. సరిగ్గా అప్పుడే రాతు గారి పడవ ఒడ్డుకి కొట్టుకుంది. ఎంత ఘోరంగా అంటే, కిటికీ బయట చెట్టుమీది మైనాలు ఎగిరిపోయాయి. గది గదంతా అటు తిరిగి నవ్వింది. ఆ నవ్వు చల్లారేసరికి లైసానికి ఊపిరీ వచ్చింది, జవాబూ వచ్చింది.

"వెళ్ళిపోనక్కర్లేదు మేడమ్. అక్కడే ఉండి, చూడకుండా ఉండటం నేర్చుకోవాలి. అది వెళ్ళిపోవడం కంటే కష్టం."

డాక్టర్ హెడ్లీ ఆ మాటని రాసుకున్నారు. కమిటీ ఒప్పుకుంది. టీ కప్పులు మోగాయి. రాతు గారు లేచి, "వినాకా, చాలా బాగుంది" అని, "ఆ నడుంమీద చెయ్యి పెట్టిన పిల్ల ఎవరిని చూసి నేర్చుకుందంటావు?" అని అడిగి, నూనెలో వేయించిన బాబకౌ రొట్టె ఒకటి నోట్లో వేసుకుని, డీన్ వెంట ఆయన గదికి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి వార్త ఆయనకంటే ముందే వచ్చింది. ఇకమీదట విద్యార్థుల కమిటీలకి రాతు గారు రానక్కర్లేదు. డాక్టర్ హెడ్లీ చూసుకుంటారు.

"మంచిదే. ఇక ఇంట్లో పడుకోవచ్చు" అన్నారు రాతు గారు. ఎప్పటిలా నవ్వలేదు.

ఆ విభాగంలో శుక్రవారం మధ్యాహ్నాలు ఒక అలవాటు. సెమినార్లూ క్లాసులూ తీసిన వీడియోల్లోంచి చిన్న ముక్క తీసుకుని, అందరూ కలిసి అదే ముక్కని తిప్పి తిప్పి చూస్తారు. ఎవరు ఎవరికేసి చూశారు, ఎవరి చెయ్యి ఎటు కదిలింది, ఎవరు ఎక్కడ ఆగారు అని. ఈ జబ్బు ముదిరి వాళ్ళు టీ దగ్గర కూడా మామూలుగా ఉండలేరు. ఆఖరి బాబకౌకేసి ఎవరి చెయ్యి ముందు వెళ్ళిందో, అంతకుముందు ఆ చెయ్యి ఎన్ని అబద్ధాలాడిందో శాల్విన్ గీత గీసి చెప్పగలడు.

వచ్చే శుక్రవారానికి వీడియో తేవాల్సిన వంతు లైసానిది. తన సెమినార్‌నే తేవాలని, ముందురోజు ఒంటరిగా కూర్చుని చూసింది. తను ఎక్కడ తడబడిందో అక్కడ ఆపింది. వెనక్కి తిప్పింది. మళ్ళీ చూసింది. ఇంతలో కళ్ళు తెరమీద కిందికి జారాయి. జీవితమంతా తలవంచుకుని బతికిన మనిషి కదా, కింద ఏముందో ఆమెకి ముందు కనబడుతుంది.

బారజాపిన రెండు కాళ్ళు. తోలు చెప్పులు. కుడి చెప్పులోంచి బయటికొచ్చిన బొటనవేలు.

ఆ బొటనవేలు ఊగుతోంది. ఆమె మాట సాఫీగా సాగుతుంటే తాళం వేస్తోంది. ఆమె తడబడగానే ఠక్కున ఆగింది. ఆ వెంటనే గురక పెరిగింది. ఆమె జవాబు చెప్పగానే వేలు రెండుసార్లు ఎగిరి గంతేసింది.

లైసాని పాత సెమినార్ల వీడియోలన్నీ బయటికి తీసింది. దీవుల నుంచి వచ్చి నోరు పెగలని ప్రతివాళ్ళ దగ్గరా అదే కథ. మాట ఆగితే గురక లేస్తుంది, మాట సాగితే వేలు ఊగుతుంది. డీన్ ప్రసంగం కూడా ఒకటి దొరికింది. అందులో బొటనవేలు కదల్లేదు. అది నిజం నిద్ర.

"ఈసా, నా తండ్రే!" అనుకుంది లైసాని, ఎవరూ లేని గదిలో నడుం వంచి.

పెద్దవాళ్ళ సంగతి నలుగురిలో చెప్పడం మర్యాద కాదు. వీడియో వేయడం గురించి మాత్రం ఆచారం ఏమీ చెప్పలేదు.

శుక్రవారం అందరూ చేరారు. డాక్టర్ హెడ్లీ కూడా వచ్చారు. రాతు గారికి కమిటీలే కదా నిషేధం, శుక్రవారాలు కాదు గనక ఆయనా వచ్చి, మొదటి కుర్చీలో కాళ్ళు జాపి, పడవ ఇంజను తిప్పారు. లైసాని వీడియో వేసింది.

"డాక్టర్ హెడ్లీ, తులోవ్... కాస్త కిందికి చూడండి."

"కిందా? ఎక్కడ?"

"కుడి కాలు."

వేసింది. ఆపింది. తిప్పింది. మళ్ళీ వేసింది. ఈ విభాగంలో ఎవరికీ ఇంతకంటే విప్పి చెప్పక్కర్లేదు. ముందు శాల్విన్ నోరు తెరిచాడు. తర్వాత డాక్టర్ హెడ్లీ కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నారు. తెరమీద బొటనవేలు ఊగుతోంది. అందరూ ఒక్కసారిగా తెరని వదిలి గదిలోని బొటనవేలికేసి తిరిగారు. అదీ ఊగుతోంది. గది నిశ్శబ్దమయ్యేసరికి దానికి అనుమానమొచ్చింది. గాల్లోనే ఆగిపోయింది.

గురక మాత్రం ఇంకాస్త పెరిగింది.

శాల్విన్ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. డాక్టర్ హెడ్లీ చాలాసేపు ఆ వేలునే చూశారు. అక్కడే ఉండి, చూడకుండా ఉండటం కష్టమని ఈ పంతులమ్మ చెప్పిన మాట గుర్తొచ్చినట్టుంది.

"ప్రొఫెసర్ గారు బాగా అలిసిపోయినట్టున్నారు. కమిటీలో ఆయన కుర్చీ ఆయనకే ఉంచమని డీన్‌తో నేను చెబుతాను. చప్పుడు చెయ్యకుండా బయటికి వెళదాం" అన్నారు.

అందరూ మునివేళ్ళమీద బయటికొచ్చారు. తలుపు మూస్తూ లైసాని వెనక్కి చూసింది. బొటనవేలు మెల్లగా, సిగ్గుపడుతూ, చెప్పులోకి ముడుచుకుంటోంది.

సోమవారం రాతు గారు సులు కింద నల్లబూట్లు వేసుకుని వచ్చారు.

"చెప్పులేమయ్యాయి రాతూ?" అన్నాడు శాల్విన్ అమాయకంగా.

"చలిగా ఉందిరా."

ఏడాదంతా ఉక్కపోసే సువాలో చలి!

మరుసటేడు లైసాని అదే విభాగంలో కింది తరగతులకి పాఠాలు చెప్పే పనిలో చేరింది. కండావు ట్యాబ్‌లలోంచి టీచరు మొహం తీసేశారు. పిల్లలు ఇప్పుడు చెయ్యి బొమ్మని అవసరమున్నా లేకపోయినా నొక్కి చంపుతున్నారట. ఒకరోజు కిరిబాటి నుంచి కొత్తగా వచ్చిన తెరీతియా అనే అమ్మాయి సెమినార్. బల్ల వెనక నిలబడి, లైసానినీ రాతు గారినీ చూసి, కాగితం గుండెలకి అదుముకుని, నేలకేసి చూస్తూ ఉండిపోయింది.

రాతు గారు ఆ రోజు ఎందుకో ఆలస్యం చేస్తున్నారు. లైసానికి ఓపిక లేకపోయింది. తనే కళ్ళు మూసుకుని గడ్డం వాల్చింది. గురక తీసింది. పందిపిల్లని తొక్కినట్టు కీచుమంది.

"మేడమ్! ఒంట్లో బాగాలేదా?" అంది తెరీతియా హడలిపోయి.

పక్క కుర్చీలోంచి పెద్ద పడవ లేచింది. పందిపిల్లని తనలో కలిపేసుకుని, గుడగుడలాడుతూ నది మధ్యకి సాగిపోయింది. తెరీతియా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నిట్టూర్చింది. కాగితం బల్లమీద పెట్టేసి, తన దీవి పిల్లల సంగతి చెప్పడం మొదలుపెట్టింది. బాగా చెబుతోంది. చాలా బాగా చెబుతోంది.

కళ్ళు గట్టిగా మూసుకుని వింటున్న లైసానికి, రెండు గురకల మధ్య సందులో, రాతు గారు పెదవి కదపకుండా అన్న మాట చెవిలో పడింది.

"అమ్మాయ్, వేలు!"